స్పైస్ సిమ్యులేషన్ ఆగిపోతోందా, తప్పు చూపిస్తోందా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

స్పైస్ అంటే సర్క్యూట్‌ని కట్టకముందే కంప్యూటర్‌లో నడిపి చూపించే సిమ్యులేటర్. అందులో ఎల్‌టీస్పైస్ వాడినా, ఎన్‌జీస్పైస్ వాడినా, ఎన్‌జీస్పైస్‌నే లోపల పెట్టుకున్న కిక్యాడ్ లేదా ఐఐటీ బాంబే వారి ఈసిమ్ వాడినా లోపల జరిగే పని ఒకటే. మీరు గీసిన సర్క్యూట్‌ని సమీకరణాలుగా మార్చి, ప్రతి నోడ్ (పార్టులు కలిసే చోటు) దగ్గర వోల్టేజీ లెక్కగడుతుంది. లెక్క తేలకపోతే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ రాగానే చాలామంది ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆ విలువా ఈ విలువా మార్చి చూస్తారు. ముందు చూడాల్సింది సర్క్యూట్‌ని. నిజమైన వైరుకీ కాయిల్‌కీ కెపాసిటర్‌కీ ఉండే రెసిస్టెన్సో, లీకేజీయో, కెపాసిటెన్సో బొమ్మలో లేకపోవడం వల్లే ఎక్కువ ఎర్రర్లు వస్తాయి.

"సింగ్యులర్ మ్యాట్రిక్స్" అని వచ్చి ఆగిపోతోంది

సమీకరణాలకి ఒకే జవాబు తేలడం లేదని దీని అర్థం. మొదట గ్రౌండ్ చూడండి. గ్రౌండ్ గుర్తు పెట్టని సర్క్యూట్‌కి సున్నా నోడ్ ఉండదు, కాబట్టి వోల్టేజీని ఎక్కడి నుంచి కొలవాలో సిమ్యులేటర్‌కి తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు ఇది ఎక్కువగా జరుగుతుంది. ప్రైమరీకి గ్రౌండ్ ఉంటుంది, సెకండరీ గాల్లో వేలాడుతూ ఉంటుంది. దానికీ గ్రౌండ్ ఇవ్వండి. రెండు వైపులూ వేరుగానే ఉండాలంటే మధ్యలో 1 గిగా ఓమ్ పెట్టండి.

రెండో కారణం, డీసీ దారి లేని నోడ్. ఆపరేటింగ్ పాయింట్ (సిగ్నల్ లేనప్పటి డీసీ స్థితి) లెక్కలో కెపాసిటర్ అంటే తెగిన వైరే. రెండు కెపాసిటర్ల మధ్య నోడ్‌కి ఇంకేదీ కలపకపోతే అక్కడ వోల్టేజీ ఎంతైనా కావచ్చు. అక్కడి నుంచి గ్రౌండ్‌కి 1 గిగా ఓమ్ పెడితే చాలు అని ఎక్కడ చూసినా చెబుతారు. అన్నిచోట్లా అది చాలదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 741 ఆప్‌ఆంప్ ప్లస్ ఇన్‌పుట్‌కి కెపాసిటర్ ద్వారా సిగ్నల్ ఇచ్చారు, ఎర్రర్ రాకుండా 1 గిగా ఓమ్ పెట్టారు. సిమ్యులేషన్ నడుస్తుంది, కానీ ఔట్‌పుట్ సప్లై అంచుకి అతుక్కుపోతుంది. 741 ఇన్‌పుట్ బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ పిన్నులో ఎప్పుడూ పారే చిన్న డీసీ కరెంట్) మామూలుగా 80 నానో ఆంపియర్లు. అది 1 గిగా ఓమ్‌లోంచి పోవాలంటే 80 వోల్టులు కావాలి. అదే 100 కిలో ఓమ్‌లు పెడితే 8 మిల్లీ వోల్టులే. ఇక్కడ లోపం డిజైన్‌లోనే ఉంది. బ్రెడ్‌బోర్డు మీద కట్టినా ఆ రెసిస్టర్ లేకపోతే ఇలాగే అతుక్కుపోతుంది. ఎర్రర్ ఎక్కడో చూపించిందంటే, ముందు "నిజంగా కడితే ఇక్కడ కరెంట్ ఎటు పోతుంది?" అని అడగండి.

మూడోది, వోల్టేజీ సోర్స్‌కి నేరుగా ఇండక్టర్. డీసీలో ఇండక్టర్ షార్టే కాబట్టి కరెంట్‌కి హద్దే ఉండదు. వైండింగ్ రెసిస్టెన్స్‌ని సిరీస్‌లో పెట్టండి. ఎల్‌టీస్పైస్ ప్రతి ఇండక్టర్‌కీ తనంతట తానే 1 మిల్లీ ఓమ్ కలుపుకుంటుంది. అక్కడ నడిచిన ఫైలు ఎన్‌జీస్పైస్‌లో ఆగిపోవడానికి ఇదొక కారణం.

"టైమ్ స్టెప్ టూ స్మాల్" అంటోంది, లేదా మధ్యలో నత్తనడక పడుతోంది

సిమ్యులేటర్ కాలాన్ని చిన్న చిన్న అంగలుగా (టైమ్ స్టెప్‌లుగా) విడగొట్టి లెక్కగడుతుంది. ఈ ఎర్రర్ వచ్చిందంటే ఏదో వోల్టేజీ గానీ కరెంట్ గానీ ఒక్కసారిగా ఎగిరిపోతోందని అర్థం. ఎర్రర్ వచ్చిన సమయం గమనించి, ఆ క్షణంలో ఏ స్విచ్ మారుతోందో చూడండి.

రిలే సర్క్యూట్ తీసుకోండి. కాయిల్ 400 ఓమ్‌లు, సప్లై 12 వోల్టులు, కరెంట్ 30 మిల్లీ ఆంపియర్లు. ఇండక్టెన్స్ అర హెన్రీ అనుకుందాం. ఐడియల్ స్విచ్ 1 నానో సెకనులో తెరుచుకుంటే ఎల్ డీఐ బై డీటీ (ఇండక్టెన్స్ ఇంటూ కరెంట్ మారే వేగం) లెక్క ప్రకారం కోటిన్నర వోల్టులు రావాలి. పాపం సిమ్యులేటర్ దాన్ని వెంటాడుతూ స్టెప్ తగ్గించుకుంటూ పోయి చివరికి చేతులెత్తేస్తుంది. కాయిల్‌కి అడ్డంగా ఫ్రీవీలింగ్ డయోడ్ (స్విచ్ తెరుచుకున్నాక కాయిల్ కరెంట్‌కి దారి ఇచ్చేది) పెట్టండి. వైండింగ్‌కి సహజంగా ఉండే కెపాసిటెన్స్ కోసం 100 పికో ఫారడ్లు కూడా ఇవ్వండి. అసలు బోర్డు మీద ఆ డయోడ్ మరిచిపోతే ట్రాన్సిస్టర్ పోతుంది. ఎర్రర్‌తో సరిపోవడం మన అదృష్టం.

డయోడ్ మోడల్ ఇవ్వకుండా ఉత్త గుర్తు వాడినా ఇదే గోల. డీఫాల్ట్ డయోడ్‌కి సిరీస్ రెసిస్టెన్స్ లేదు, జంక్షన్ కెపాసిటెన్స్ లేదు, బ్రేక్‌డౌన్ అసలే లేదు. డీఫాల్ట్ మోడల్‌తో జీనర్ పెట్టి "రెగ్యులేట్ కావడం లేదు" అనుకునేవాళ్లు ఉన్నారు. ఎలా అవుతుంది, దానికి బ్రేక్‌డౌన్ వోల్టేజీయే చెప్పలేదు కదా. అసలు పార్ట్ నంబర్ మోడల్ తెచ్చి పెట్టండి.

ఎర్రర్ ఏమీ లేదు, కానీ జవాబు తప్పు

అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఎర్రర్ వస్తే ఆగి చూస్తాం. గ్రాఫ్ నున్నగా వస్తే నమ్మేస్తాం.

యూనిట్లు ముందు చూడండి. స్పైస్‌కి పెద్ద ఎమ్ అయినా చిన్న ఎమ్ అయినా మిల్లీయే. 1 మెగా ఓమ్ అనుకుని 1 పక్కన ఎమ్ రాస్తే 1 మిల్లీ ఓమ్ అవుతుంది, వంద కోట్ల రెట్లు తేడా. మెగాకి ఎమ్, ఈ, జీ మూడక్షరాలూ రాయాలి. ఫారడ్ అనుకుని ఎఫ్ రాస్తే అది ఫెమ్టో. యూనిట్ పేరు మానేసి ఉత్త అంకె రాస్తే సరిపోతుంది.

నెట్‌లిస్ట్ (సర్క్యూట్‌ని పార్టుకో లైనుగా రాసిన ఫైలు) చేత్తో రాసేవాళ్లకి ఇంకొకటి. మొదటి లైను ఎప్పుడూ శీర్షికే, అందులో ఏ పార్ట్ రాసినా లెక్కలోకి రాదు. బర్కిలీలో 1970ల్లో పంచ్ కార్డుల మీద స్పైస్ నడిచిన నాటి పద్ధతి ఇది, ఇప్పటికీ అలాగే ఉంది. మీ వోల్టేజీ సోర్స్ మొదటి లైనులో ఉంటే సర్క్యూట్‌కి సప్లైయే లేదు.

పవర్ సప్లై సర్క్యూట్లలో రెండు తప్పులు జంటగా వస్తాయి. సైన్ సోర్స్‌లో రాసేది పీక్ విలువ. మన ఇంటి 230 వోల్టులు ఆర్‌ఎమ్‌ఎస్, కాబట్టి 325 రాయాలి. ఇక ట్రాన్స్‌ఫార్మర్: ఇండక్టెన్స్‌ల నిష్పత్తి చుట్ల నిష్పత్తికి వర్గం. 230 నుంచి 12కి దించాలంటే చుట్ల నిష్పత్తి సుమారు 19.2, ఇండక్టెన్స్ నిష్పత్తి సుమారు 367. ప్రైమరీ 10 హెన్రీలైతే సెకండరీ 27 మిల్లీ హెన్రీలు. వర్గం మరిచిపోయి 10ని 19.2తో భాగించి 0.52 హెన్రీ పెడితే సెకండరీలో ఆర్‌ఎమ్‌ఎస్ 12కి బదులు 52 వోల్టులు వస్తాయి. మీకూ 52 వచ్చిందా? కారణం ఇదే.

ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో గెయిన్ అసలు రాకపోతే పిన్నుల వరస చూడండి. స్పైస్‌లో వరస కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 ప్యాకేజీలో 1వ పిన్ను ఎమిటర్, 3వది కలెక్టర్. కిక్యాడ్‌లో మోడల్ తగిలించేటప్పుడు ఈ రెండిటినీ సరిగ్గా జత చేయాలి. ఆప్‌ఆంప్ మోడళ్లకీ ఇంతే. ఫైలు తెరిచి సబ్‌సర్క్యూట్ లైను పైనున్న వివరణ చదవండి.

ఆసిలేటర్ గీశాను, సరళరేఖ వస్తోంది

బ్రెడ్‌బోర్డు మీద నాయిస్ ఉంటుంది, దానితో ఆసిలేటర్ మొదలవుతుంది. ట్రాన్సియెంట్ ఎనాలిసిస్‌లో (సమయంతో పాటు వోల్టేజీలు ఎలా మారతాయో చూపే లెక్కలో) నాయిస్ ఉండదు. సిమ్యులేటర్ ముందు డీసీ స్థితి వెతికి అక్కడే కదలకుండా కూర్చుంటుంది. ఒక కెపాసిటర్‌కి 10 మిల్లీ వోల్టుల ఇనీషియల్ కండిషన్ ఇవ్వండి, లేదా సప్లైని సున్నా నుంచి 12కి పెరిగే పల్స్‌గా పెట్టండి.

అయినా రాకపోతే సమయం చాలలేదేమో. వీన్ బ్రిడ్జ్‌లో 10 కిలో ఓమ్‌లు, 15.9 నానో ఫారడ్లు పెడితే 1 కిలోహెర్ట్జ్. గెయిన్ 3.2 అయితే అల పెరిగే టైమ్ కాన్‌స్టాంట్ 1.6 మిల్లీ సెకన్లు. 1 మిల్లీ వోల్టు నుంచి 10 వోల్టులకి చేరడానికి 15 మిల్లీ సెకన్లు పడుతుంది. 5 మిల్లీ సెకన్లకే ఆపేస్తే అల కనిపించదు. 50 నడపండి. మాక్సిమమ్ టైమ్ స్టెప్ 10 మైక్రో సెకన్లు ఇస్తే సైన్ వేవ్ గరుకుగా రాదు.

ఏసీ ఎనాలిసిస్‌లో 15 వోల్టుల సప్లైతో 1000 వోల్టుల ఔట్‌పుట్

తప్పేమీ లేదు. ఏసీ ఎనాలిసిస్‌కి (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ ఎంతో చూపే లెక్కకి) సప్లై అంచులు తెలియవు. ఆపరేటింగ్ పాయింట్ దగ్గర సర్క్యూట్‌ని సరళరేఖగా తీసుకుని లెక్కగడుతుంది. ఇన్‌పుట్ 1 పెడితే ఔట్‌పుట్ అంకే గెయిన్. క్లిప్పింగ్ చూడాలంటే ట్రాన్సియెంట్ నడపాలి. ఔట్‌పుట్ పూర్తిగా సున్నా అయితే సోర్స్‌లో ఏసీ విలువ ఇవ్వలేదన్నమాట. గెయిన్ మరీ తక్కువైతే కలెక్టర్ వోల్టేజీ చూడండి, ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో ఉండొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కన్వర్జ్ కాకపోతే (లెక్క తేలకపోతే)

ఆప్షన్స్ ముట్టుకోవాల్సింది ఇప్పుడే. ఆంపియర్లలో కరెంట్ పారే పవర్ సర్క్యూట్‌కి ఆబ్స్‌టాల్ (కరెంట్ లెక్కలో ఒప్పుకునే తేడా) డీఫాల్ట్ 1 పికో ఆంపియర్ అనవసరం. 1 నానో ఆంపియర్ చేయండి. రెల్‌టాల్ (విలువతో పోల్చి ఒప్పుకునే తేడా) డీఫాల్ట్ 0.001. దాన్ని 0.01 దాటించకండి, దాటితే వచ్చే జవాబుకి విలువ లేదు. స్విచ్ మారినప్పుడల్లా కరెంట్ ప్రతి స్టెప్‌కీ పైకీ కిందకీ కొట్టుకుంటుంటే, అది ట్రాపిజాయిడల్ పద్ధతి (ఒక స్టెప్ నుంచి తర్వాతి స్టెప్‌ని లెక్కగట్టే ఒక తీరు) వల్ల వచ్చే లెక్క దోషం. గేర్ పద్ధతికి మారిస్తే పోతుంది. ఆసిలేటర్లకి మాత్రం గేర్ వాడకండి. అది అసలైన అలల్ని కూడా అణిచేస్తుంది, క్రిస్టల్ లాంటి హై-క్యూ (శక్తిని చాలా తక్కువగా పోగొట్టుకునే) సర్క్యూట్ బాగానే ఉన్నా ఆగిపోయినట్టు చూపిస్తుంది.