పళ్లికరణైలో దసరా నుంచి కార్తీకం దాకా: పక్షులు, కీటకాల లెక్క రాసే పద్ధతి

చిట్టాలో ఎన్ని జాతులున్నాయన్నది తర్వాతి మాట. ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఆ రోజు నీళ్లు ఎంతవరకు ఉన్నాయి అన్నవి ముందు కావాలి. అవి లేకుండా యాభై పేర్లు రాసినా వచ్చే ఏడాది ఆ కాగితాన్ని దేనితోనూ పోల్చలేం.

నీళ్ల సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు 2022లో ఎక్కిన, చెన్నైలోని ఈ చిత్తడి నేలలో అన్నిటినీ నడిపించేది నీటిమట్టమే. ఈశాన్య రుతుపవనాలు రాకముందు బురద బయటపడి ఉంటే శాండ్‌పైపర్లు, ప్లోవర్లు, గాడ్‌విట్‌ల వంటి ఒడ్డు పక్షులు గట్టు దగ్గరే మేస్తాయి. పెద్ద వానలు పడ్డాక ఆ బురద మునిగిపోతుంది, అవి లోతు తక్కువ చోటికి చెదిరిపోతాయి. బాతులకు, బొల్లికోళ్లకు అప్పుడే అనువు. నీటి సంగతి రాయకపోతే మీ చిట్టా చూసినవాళ్లు ‘నవంబర్‌లో పక్షులు తగ్గాయి’ అనుకుంటారు. నిజానికి తగ్గింది బురద. అందుకే ఒక కల్వర్టునో సరిహద్దు స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అదే చోట నిలబడి ఒక ఫోటో తీయండి. లోతు తెలుసుకోవడానికి నీళ్లలోకి దిగక్కర్లేదు. నల్లరెక్కల స్టిల్ట్ అనే నీటి పక్షి పొడుగు కాళ్లు ఎంత మునిగాయో చూస్తే అంచనా దొరుకుతుంది.

పక్షులకు తెల్లవారుజామే మేలు. ఆరింటికల్లా మొదలుపెట్టి, సూర్యుడు వీపు వెనక ఉండేలా తూర్పు వైపు నిలబడి పడమటికి చూడండి. ఎండకు ఎదురుగా చూస్తే నీటి పక్షులన్నీ నల్ల బొమ్మల్లా కనిపిస్తాయి. 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో చిట్టాను అక్కడే తెరవండి. ఇంటికొచ్చి గుర్తుచేసుకుని రాస్తే సున్నాతో ముగిసే ఉజ్జాయింపు సంఖ్యలే మిగులుతాయి. ముప్ఫై మీటర్ల లోపే మసిలితే ‘స్టేషనరీ’, అంతకు మించి నడిస్తే ‘ట్రావెలింగ్’. వెళ్లిన దారినే తిరిగొస్తే దూరం ఒకవైపుదే వేయాలి. రెండువైపులా కలపడం చాలామంది చేసే పొరపాటు. గంటన్నర దాటితే చిట్టా ముగించి కొత్తది మొదలుపెట్టడం మంచిది.

‘గుర్తించిన జాతులన్నీ రాశారా?’ అని ఈబర్డ్ అడిగే ప్రశ్నకు అవునని చెప్పాలంటే కాకి, పావురం, మైనా కూడా చిట్టాలో ఉండాలి. ఆ రోజు అక్కడ ఏ పక్షి కనిపించలేదో తెలిసేది ఇలాంటి పూర్తి చిట్టాల వల్లే. గుంపుల్ని లెక్కించేటప్పుడు ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఆక్రమించిన జాగాను కొలతగా పట్టుకుని గుంపంతా ఎన్ని పదులో చూడండి. సంఖ్య బదులు, పక్షి ఉందని మాత్రమే చెప్పే ‘ఎక్స్’ పెట్టడం కంటే ‘సుమారు 140’ ఎంతో నయం.

పేరు తేలకపోతే తేలనట్టే రాయండి. చలికాలంలో ఇక్కడికి వచ్చే కామన్ స్నైప్, పిన్‌టెయిల్ స్నైప్ పక్షులు కూర్చుని ఉంటే విడదీయడం కష్టం. ఆ రెంటికీ కలిపి ఉన్న జంట పద్దు ఎంచుకోండి. మెర్లిన్ యాప్ కూతను బట్టి పేరు చూపిస్తే దాన్ని సూచనగానే తీసుకోవాలి, కంటితోనో చెవితోనో మీరు నిర్ధారించుకోనిది చిట్టాలోకి ఎక్కకూడదు. అదే యాప్‌లో కూతలు వినిపించి పక్షిని బయటికి రప్పించడం మాత్రం వద్దు.

కీటకాల వంతు ఎనిమిదిన్నర తర్వాత. ఎండ పడితే గానీ తూనీగలు, సీతాకోకచిలుకలు కదలవు. ఒకే దారిలో, ఒకే వేగంతో నడుస్తూ, అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్లు ఉండే ఊహా పెట్టెలో కనిపించినవే లెక్కించండి. దాని అవతల ఎంత అందమైనది ఎగిరినా లెక్కలోకి రాదు, విడిగా రాసుకోవచ్చు. మబ్బు పడితే ఆ సంగతి నోట్ చేయండి. వలతో పట్టడం అటవీ శాఖ అనుమతి లేకుండా కుదరదు కాబట్టి గుర్తింపు భారమంతా ఫోటోదే. తూనీగకు మూడు కావాలి: ఛాతీ పక్క భాగం, పై నుంచి రెక్కలు, తోక చివర ఉండే కొక్కేల్లాంటి భాగాలు. సీతాకోకచిలుకకు రెక్క పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి.

అక్టోబర్, నవంబర్‌లలో గుంపులుగా ఒకే దిక్కుకు పోయేవాటిని మాత్రం పెట్టె పద్ధతిలో లెక్కించలేం. బ్లూ టైగర్, క్రో సీతాకోకచిలుకలు, పాంటాలా ఫ్లావెసెన్స్ తూనీగలు ఇలాంటివి. ఈ తూనీగ దక్షిణ భారతం నుంచి సముద్రం దాటి, మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికా చేరుతుందని పరిశోధకుల అంచనా. వీటికి రెండు స్తంభాల మధ్య ఊహా గీత గీసుకుని, ఐదు నిమిషాల్లో ఎన్ని దాటాయో, ఏ దిక్కుకు పోయాయో, గాలి ఎటు వీస్తోందో రాయండి.

ఫోటోలను బట్టి జీవజాతులను నమోదు చేసే ఐనాచురలిస్ట్‌లో వాటిని పెట్టేముందు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫోటోలో తేదీ, స్థలం వివరాలు పోతాయి, అసలు ఫైలే ఎక్కించాలి. కెమెరాలో జీపీఎస్ లేకపోతే ఆగిన ప్రతిచోటా ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ఫోన్ గడియారాన్ని కెమెరాతో ఒకసారి ఫోటో తీస్తే రెంటి సమయాల తేడా తర్వాత సరిచేసుకోవచ్చు. కుండీ మొక్కను కూడా అడవి మొక్కగా ఎక్కించేవాళ్లున్నారు, పెంచినదైతే ఆ గుర్తు పెట్టండి.

సామాను గురించి రెండు మాటలు. వానలో పెన్ను సిరా చెదురుతుంది, పెన్సిల్ వాడండి. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సు చెన్నై ఉక్కలో మసకబారుతుంది, అరగంట సంచిలోనే ఉంచి తర్వాత తీయండి.

చిమ్మటలు (మాత్‌లు) చూడాలంటే రాత్రి చిత్తడి నేల దగ్గర ఉండనవసరం లేదు, అనుమతీ దొరకదు. అమావాస్య దగ్గరి రాత్రి, గాలి లేనప్పుడు, మేడ మీద తెల్ల దుప్పటి కట్టి ముందొక బల్బు వెలిగించండి. వానాకాలంలో వెలుతురుకు వచ్చే నలుపు, నారింజ రంగుల సన్నటి పేడెరస్ పురుగు చర్మం మీద వాలితే నలపకండి, దాని రసం తగిలితే బొబ్బలెక్కుతుంది. ఊది తోసేసి సబ్బుతో కడుక్కోండి. పని కాగానే బల్బు ఆర్పి దుప్పటి దులిపేయండి. అలాగే వదిలేస్తే తెల్లారగానే కాకులు, మైనాలు దాని మీద ఉన్నవాటిని ఏరుకు తినేస్తాయి.