అడవి జీవుల ఫొటోలకు ఫుల్‌ఫ్రేమ్ కెమెరానా, క్రాప్ సెన్సరా?

వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు కట్ట మీది నుంచి నీటి నడుమ వాలిన కొంగల గుంపును తీయాలనుకునే వారికి దూరం అడ్డు వస్తుంది. జన్నారం వైపు కవ్వాల్ టేకు అడవిలో, సూర్యుడు ఇంకా పైకి రాని వేళ, సఫారీ బండి పక్కనే మేస్తున్న చుక్కల దుప్పిని తీయాలనుకునే వారికి వెలుతురు చాలదు. కెమెరా కొనే ముందు ఈ రెండింటిలో తమకు తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఏదో తేల్చుకోవాలి. ధర, కంపెనీ, మోడల్ వంటి విషయాలు ఆ తరువాత చూసుకోవచ్చు.

సెన్సర్ అంటే కెమెరా లోపల వెలుతురును ఫొటోగా మార్చే పలక. పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36 × 24 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్నవైన నికాన్, సోనీ క్రాప్ సెన్సర్ల కొలత సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు కాగా, కానన్ సెన్సర్ ఇంకొంచెం చిన్నది. అందువల్ల 400 మిల్లీమీటర్ల లెన్సును (ఈ సంఖ్య పెరిగేకొద్దీ దూరపు జంతువు పెద్దగా కనిపిస్తుంది) నికాన్ లేదా సోనీ క్రాప్ కెమెరాకు తగిలిస్తే, ఫుల్‌ఫ్రేమ్ మీద 600 మిల్లీమీటర్ల లెన్సు చూపేంత దృశ్యమే ఫ్రేములోకి వస్తుంది. లెన్సు బలం పెరిగిందని చాలామంది అనుకుంటారు గాని, ఒకే లెన్సుతో ఒకే చోటు నుంచి తీసినప్పుడు సెన్సర్ మీద పడే పాలపిట్ట బొమ్మ రెండు కెమెరాల్లోనూ ఒకే పరిమాణంలో ఉంటుంది. ఆ బొమ్మ కింద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నదే తేడా. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ ఫొటోను క్రాప్ సెన్సర్ మేరకు కత్తిరిస్తే సుమారు 10.7 మెగాపిక్సెళ్లు మాత్రమే మిగులుతాయి. అదే చోట నికాన్ డీ500 వంటి క్రాప్ కెమెరా 20.9 మెగాపిక్సెళ్లను ఇస్తుంది. 45.7 మెగాపిక్సెళ్ల డీ850 వంటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే కత్తిరించిన తరువాత కూడా దాదాపు దానికి సమానంగా నిలుస్తుంది గాని, అందుకు ఖర్చు బాగా పెరుగుతుంది.

ఇక వెలుతురు సంగతి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం క్రాప్ సెన్సర్ కంటే రెండింతలకు పైగా ఉంటుంది. జంతువు రెండింటిలోనూ ఫ్రేమును ఒకే మేరకు నింపి, ఎఫ్ సంఖ్య (లెన్సు ఎంత వెడల్పుగా తెరుచుకుందో చెప్పేది) కూడా ఒకటే అయినప్పుడు, ఫుల్‌ఫ్రేమ్‌లో ఐఎస్ఓ (వెలుతురు తగ్గినప్పుడు పెంచే సెట్టింగు) 6400 వద్ద కనిపించే నాయిస్ (ఫొటో మీద గింజల్లాంటి మచ్చలు) క్రాప్ కెమెరాలో 2800 దగ్గరే కనిపిస్తుంది. అయితే ఆ షరతును మరచిపోకూడదు. దూరాన ఉన్న లకుముకి పిట్టను ఒకే లెన్సుతో తీసి, ఫుల్‌ఫ్రేమ్ ఫొటోను కత్తిరించవలసి వచ్చినప్పుడు, పిట్ట నుంచి లెన్సు పోగుచేసిన వెలుతురు రెండింటికీ ఒకటే కనుక, పెద్ద సెన్సర్ వల్ల రావలసిన లాభం కత్తిరించి పారేసిన భాగంతోపాటే పోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కొన్నా ఫొటోలు మెరుగుపడలేదని బాధపడే వారిలో చాలామంది విషయంలో జరిగేది ఇదే. జంతువుకు దగ్గరగా ఉండగలిగిన వారికి, లేదా మరింత పొడవైన లెన్సు కొనగలిగిన వారికి మాత్రమే ఆ సెన్సర్ పూర్తి ఫలితాన్నిస్తుంది.

మీ ఇబ్బంది ఏదో మీ పాత ఫొటోలే చెబుతాయి. నచ్చినవాటిని తెరిచి, వాటితోపాటు నమోదైన లెన్సు పొడవు, ఐఎస్ఓ, షట్టర్ వేగం చూడండి. ఎక్కువ ఫొటోలు లెన్సు చివరి పొడవులో తీసినవై, ఆపైన సగానికి కత్తిరించినవై ఉంటే క్రాప్ కెమెరాయే మీకు తగినది. కత్తిరించే అవసరం రాకపోయినా ఐఎస్ఓ మాటిమాటికీ 6400 దాటుతుంటే, జంతువు కదలిక మసకబారుతుంటే, ఫుల్‌ఫ్రేమ్ గురించి ఆలోచించవచ్చు.

మన ఉత్తర తెలంగాణలో పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల పక్షులకు క్రాప్ కెమెరానే సూచిస్తాను. కొండ అంచుల మీద గూళ్లు కట్టే రాబందుల విషయంలోనూ ఇదే మాట. గూళ్ల దగ్గరికి ఎవరూ పోకూడదు, కాబట్టి దూరం నుంచి తీయడమే సరైన పద్ధతి. కవ్వాల్, ఏటూరునాగారం అడవుల్లో మాత్రం కాలాన్ని బట్టి లెక్క మారుతుంది. వానల తరువాత టేకు ఆకులు దట్టంగా కమ్మి ఉదయం ఎనిమిది దాకా చీకటిగానే ఉంటుంది. అప్పుడు ఫుల్‌ఫ్రేమ్ ఆదుకుంటుంది. ఆకు రాలిన ఎండాకాలంలో వెలుతురు నేల దాకా దిగుతుంది కనుక క్రాప్ కెమెరా కూడా చక్కగా పనిచేస్తుంది. ఎండ ముదిరాక నేల మీద గాలి సెగలు కదులుతుంటే దూరపు జంతువు ఏ సెన్సర్‌తోనూ స్పష్టంగా రాదు.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు లెన్సుకు కేటాయించండి. 600 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్ లెన్సుతో మామూలు క్రాప్ కెమెరా, 300 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే లెన్సుతో ఉన్న ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కంటే అడవిలో ఎక్కువ పనికి వస్తుంది. ఆ లెన్సు ఫుల్‌ఫ్రేమ్ కోసం తయారైనదై ఉండాలి. అదే మౌంటు (లెన్సును కెమెరాకు బిగించే అమరిక) గల క్రాప్ కెమెరాకూ అది పనిచేస్తుంది, రేపు కెమెరా మార్చినా లెన్సు మార్చనక్కరలేదు. క్రాప్ కోసమే చేసిన లెన్సును ఫుల్‌ఫ్రేమ్‌కు తగిలిస్తే సెన్సర్ నడిమి భాగమే ఉపయోగపడుతుంది. నిర్ణయం తేలకపోతే, మీ దగ్గరున్న లెన్సుకు సరిపోయే రెండు రకాల కెమెరాలనూ అద్దెకు తెచ్చుకొని, ఒకే ఉదయం ఒకే చెరువు దగ్గర, ఒకే పిట్టను రెండింటితోనూ తీసి, పిట్ట కన్ను, ఈకలు కనిపించే మేరకు పెద్దవి చేసి పోల్చి చూడండి.