సుప్రాలో ఆటోమేటిక్ తీసి మాన్యువల్ గేర్‌బాక్స్ వేసే ముందు జాగ్రత్తలు

- నాలుగో తరం టయోటా సుప్రాలో టర్బోకి 6 గేర్ల వీ160, టర్బో లేనిదానికి 5 గేర్ల డబ్ల్యూ58 అనే మాన్యువల్ గేర్‌బాక్సులు వచ్చాయి. చవకగా దొరికిందని టర్బో బండికి డబ్ల్యూ58 వేయకండి, ఆ పవర్‌కి అది నిలవదు.
- క్లచ్ పెడల్, మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి పంపేది), ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పవర్ పంపే రాడ్డు) అన్నీ చేతికొచ్చాకే పాతది విప్పండి.
- బ్యాటరీ వైరు తీయండి. ఉత్త జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.
- ఫ్లెక్స్‌ప్లేట్ (ఆటోమేటిక్‌లో ఇంజన్ వెనక ఉండే పల్చటి ప్లేటు) బోల్టులు ఫ్లైవీల్‌కి (మాన్యువల్‌లో దాని చోట వచ్చే బరువైన చక్రం) వాడొద్దు.
- ఇంజన్ క్రాంక్ చివర, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనని పట్టే పైలట్ బేరింగ్ మరిచిపోతే మళ్లీ మొత్తం దించాలి. గేర్‌బాక్స్ ఎత్తేముందు ఇంకోసారి చూసుకోండి.
- ఆటోమేటిక్‌లో గేర్‌లో ఉంటే స్టార్ట్ కానివ్వని న్యూట్రల్ స్విచ్ వైర్లు ఊరికే కలిపేస్తే గేర్‌లో ఉన్నా బండి స్టార్టై ముందుకు దూకుతుంది. ఎదురుగా పిల్లలుండొచ్చు. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యేలా స్విచ్ పెట్టించండి.