యాప్ స్టోర్‌ది గుత్తాధిపత్యమా? తేల్చుకునే పద్ధతి

హైదరాబాదులో చిన్న యాప్ సంస్థలకు లెక్కలు చూస్తుంటాను. అమ్మకాల్లోంచి స్టోర్ కోసుకున్న కమీషన్ చూసినప్పుడల్లా వాళ్లు అడిగేది ఒకటే: ఇది గుత్తాధిపత్యం కాదా? ఏ మార్కెట్లో అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను.

ముందు మార్కెట్‌కు గిరి గీయండి. సగం కేసు ఇక్కడే తేలుతుంది. గేములు తయారుచేసే ఎపిక్ గేమ్స్ సంస్థ 2020 ఆగస్టు 13న అమెరికా కోర్టులో ఆపిల్ మీద, గూగుల్ మీద ఒకే రోజు దావా వేసింది. ఆపిల్ కేసులో న్యాయమూర్తి ఐఫోన్ యాప్‌ల పంపిణీని విడి మార్కెట్‌గా ఒప్పుకోలేదు. మొబైల్ గేముల లావాదేవీలన్నిటినీ కలిపి చూశారు. అందులో ఆపిల్ వాటా సగం దాటినా, గుత్తాధిపత్యం రుజువు కాలేదని 2021 సెప్టెంబరులో తీర్పిచ్చారు. గూగుల్ కేసులో జ్యూరీ ఆండ్రాయిడ్ యాప్‌ల పంపిణీనే మార్కెట్‌గా తీసుకుంది. 2023 డిసెంబరులో గుత్తాధిపత్యమేనని ఏకగ్రీవంగా తేల్చింది. వేరే స్టోర్లను ఫోన్లోకి రానిచ్చే గూగుల్ ఓడింది, అప్పట్లో రానివ్వని ఆపిల్ ఆ అంశంలో గెలిచింది!

మరి గిరి ఎక్కడ గీయాలి? స్టోర్ తన కమీషన్‌ను కాస్త పెంచి అలాగే ఉంచితే డెవలపర్లు, వినియోగదారులు ఎటు పోగలరో చూడండి. పోగలిగిన చోట్లన్నీ గిరి లోపలివే. చందా పది రూపాయలు పెరిగిందని ఆండ్రాయిడ్ ఫోను పక్కన పెట్టి ఎవరూ ఐఫోను కొనరు. మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ కూడా ఆండ్రాయిడ్ యాప్ స్టోర్లనే ఒక మార్కెట్‌గా తీసుకుంది. నా మట్టుకు అదే సరైన గిరి.

తర్వాత బలం. 2002 కాంపిటీషన్ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పెద్దగా ఉండడం తప్పు కాదు. పోటీని లెక్కచేయకుండా నడవగలిగితే అది ఆధిపత్యం. దాన్ని దుర్వినియోగం చేస్తేనే చట్ట ఉల్లంఘన. కాబట్టి వాటా దగ్గర ఆగిపోకండి. స్టోర్ తన చెల్లింపు పద్ధతినే వాడాలని పట్టుబడుతోందా? అందరి మీదా వేసే రుసుము తన సొంత యాప్‌లకూ వేస్తోందా? యూట్యూబ్ ఆ రుసుము కట్టడం లేదన్నది కమిషన్ ఎత్తిచూపిన వివక్షల్లో ఒకటి. 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా పడింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించినా, కొన్ని అంశాల్లో దుర్వినియోగం జరిగిందన్న నిర్ధారణను నిలబెట్టింది.

మీ యాప్‌కే అన్యాయం జరిగిందనుకుంటే కోపాన్ని కాగితాల మీద పెట్టండి. నెలనెలా కమీషన్ స్టేట్‌మెంట్లు, నిబంధనలు మారాయంటూ వచ్చిన మెయిళ్లు, యాప్‌ను తిరస్కరించిన సందేశాలు తేదీలతో సహా దాచండి. కమిషన్‌కు సమాచారం, అంటే ఫిర్యాదు, ఎవరైనా ఇవ్వవచ్చు. అయితే 2023 సవరణ తర్వాత, జరిగిన నాటి నుంచి మూడేళ్లలోపే ఇవ్వాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి.