మలేరియా తగ్గినా నీరసం పోలేదా? కడుపులో పురుగులున్నాయేమో చూపించండి

సుగ్గికి (కూలి పనులకు వలస) పోయి ఆదోని, కోసిగి పల్లెలకు తిరిగొచ్చిన ఇళ్లలో "జ్వరం పోయింది గానీ పిల్లోడికి సత్తువ రాలేదు" అంటే, అది జ్వరం నీరసమేలే అని ఊరుకోకండి. మలేరియా రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడుతుంది. కొంకిపురుగు పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. రెండూ ఒకే ఒంట్లో ఉంటే, ఒక్కదానికి మందు వేసినంత మాత్రాన రక్తం పట్టదు.

1. ముందు రక్తపరీక్ష

చలి, వణుకుతో జ్వరం వస్తే అదే రోజు పీహెచ్‌సీకో, ఆశా కార్యకర్త దగ్గరికో వెళ్లండి. ఎక్కడికి వలస వెళ్లొచ్చారో కూడా చెప్పండి. ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, ఆయాసపడుతున్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

2. మాత్రలు చివరిదాకా

వైవాక్స్ అనే రకం మలేరియా అయితే 3 రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. చాలామంది తప్పేది ఇక్కడే. నాలుగో రోజుకు ఒళ్లు తేలికపడుతుంది, మాత్రల పట్టీ గూట్లోకి పోతుంది. కానీ ఈ క్రిములు కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా జ్వరం తెస్తాయి. ప్రైమాక్విన్ వాటికోసమే. వేసిన రోజల్లా క్యాలెండర్‌లో గీత పెట్టుకోండి. పని మీద వేరే ఊరికి వెళ్తే పట్టీ వెంట ఉండాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. మూత్రం నల్లటి టీ రంగులో వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా అయితే మందులు వేరు.

3. తర్వాత పురుగుల సంగతి

బిడ్డ కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉందా? మన్ను తింటున్నాడా? అయితే హిమోగ్లోబిన్, మల పరీక్ష చేయమని మీరే అడగండి. శాంపిల్‌ను మూత్రం కలవకుండా పొడి డబ్బాలో పట్టి ఆ పూటే ఇవ్వండి.

మలేరియా మాత్రలతో పురుగులు పోవు, పురుగుల మాత్ర ఆల్బెండజోల్‌తో మలేరియా తగ్గదు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో 1 నుంచి 19 ఏళ్ల వారికి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. జ్వరంతో ఉన్న బిడ్డకు ఆ రోజు వేయరు. వలసలో ఉన్న బిడ్డకూ తప్పిపోవచ్చు. నాకు బెంగంతా ఈ పిల్లల గురించే. కోలుకోగానే, ఊరు చేరగానే అడిగి వేయించండి. గర్భిణులు మాత్రం డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు.

4. మళ్లీ రాకుండా

కొంకిపురుగు పిల్లలు మట్టిలోంచి అరికాలి చర్మం గుండా ఒంట్లోకి దూరతాయి. చేలో, కల్లంలో, బహిర్భూమికి వెళ్లేటప్పుడు చెప్పులుండాలి.

నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో తొట్టిని ఉదయం వెలుతురులో వంగి చూడండి. నీటి పైపొరకు ఆనుకుని చిన్న నారపోగుల్లా అడ్డంగా పడుకున్నవి కనిపిస్తే అవి మలేరియా దోమ పిల్లలు. తలకిందులుగా వేలాడేవి వేరే దోమలవి. ఏవైనా సరే నీళ్లు పారబోసి, గోడలు రుద్ది, ఎండబెట్టండి. వారానికోసారి ఈ పని చేస్తే దోమ పిల్లలు పెరిగి దోమలయ్యే వీలుండదు.

నెల తర్వాత బిడ్డ హిమోగ్లోబిన్ మరోసారి చూపించి, పాత చీటీ పక్కన పెట్టి పోల్చుకోండి.