వీహెచ్‌ఎఫ్ మాట దూరం పోవడం లేదా? సెట్ మార్చే ముందు యాంటెన్నా చూడండి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకు వీహెచ్‌ఎఫ్ రేడియోలు (సముద్రంలో బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సెట్లు) బిగిస్తుంటాను. ‘సెట్ పోయింది, కొత్తది పెట్టెయ్’ అంటూ వచ్చే సరంగులే ఎక్కువ. విప్పి చూస్తే చాలాసార్లు సెట్ బాగానే ఉంటుంది, తప్పంతా కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో ఉంటుంది. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట ఆపదొస్తే 16వ ఛానలే దిక్కు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సమస్య: జెట్టీ దగ్గర బాగుంది, లోపలికి వెళ్తే ఎవరికీ అందడం లేదు

ముందు యాంటెన్నా ఎత్తు చూడండి. వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు నేరుగా పోతుంది, భూమి వంపు దాటి పెద్దగా పోలేదు. రెండు బోట్లలోనూ యాంటెన్నా నీటికి 4 మీటర్ల ఎత్తులో ఉంటే మాట సుమారు 16 కిలోమీటర్లు అందుతుంది. 9 మీటర్లకు పెంచితే 24 దాకా వస్తుంది. కాబట్టి కేబిన్ కప్పు మీద కాకుండా మాస్ట్ కొసన, నిటారుగా బిగించండి. పక్కన ఇనుప గొట్టాలు, తీగలు ఉంటే కనీసం మీటరు ఎడం ఉంచండి.

దూరం పెరుగుతుందని 9 డీబీ (తరంగాన్ని చుట్టుపక్కలకు ఎంత కుదించి పంపుతుందో చెప్పే కొలత) పొడవాటి యాంటెన్నా అడుగుతారు. చిన్న బోటుకు అది వద్దంటాను. దాని తరంగం పళ్లెంలా పలచగా పరుచుకుంటుంది. బోటు అలల మీద ఊగినప్పుడు ఒకసారి ఆకాశానికి, ఒకసారి నీళ్లలోకి పోతుంది. మీటరు పొడవుండే 3 డీబీది చాలు.

తర్వాత కేబుల్. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు లాగితే సెట్ పంపే 25 వాట్లలో దాదాపు సగం దారిలోనే పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 అయితే పోయేది పావు వంతే.

సమస్య: మనకు వినపడుతుంది, మన మాట అవతలికి చేరడం లేదు

నేను ఎక్కువగా చూసేది ఇదే. కారణం కనెక్టర్‌లోకి దిగిన ఉప్పునీరు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో తెలిపేది) పెట్టి చూడండి. 1.5 లోపు ఉంటే మంచిదే, 2 దాకా సర్దుకోవచ్చు. 3 వచ్చిందంటే పావు వంతు పవర్ వెనక్కి తిరిగి వస్తున్నట్టు.

కేబుల్ కొసన ఉండే పీఎల్-259 కనెక్టర్ విప్పండి. లోపలి రాగి జాలీ పచ్చగానో నల్లగానో ఉంటే, రాగి మెరుస్తూ కనబడే దాకా కేబుల్ కోయండి. అడుగు కోసినా నల్లగానే ఉంటే నీరు లోపలికి పాకిందని అర్థం, కేబుల్ మొత్తం మార్చాల్సిందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు పెట్టుకోండి ఈ పని. కొత్త కనెక్టర్‌కు టంకం వేయాలి, మెలితిప్పి వదిలేయకూడదు. దాని మీద తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీస్తూ కింద నుంచి పైకి చుట్టండి. ఎండకు పాడవకుండా పైన మామూలు ఎలక్ట్రికల్ టేపు వేయండి. కేబిన్‌లోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే వాన నీరు అక్కడే కారిపోతుంది.

ఒక జాగ్రత్త. మల్టీమీటరుతో చూస్తే యాంటెన్నా షార్ట్ చూపించిందని పారేయకండి. చాలా మెరైన్ యాంటెన్నాల నిర్మాణమే అలా ఉంటుంది. కేబుల్‌ను మాత్రం రెండు కొసలూ విప్పి చూడండి, అప్పుడు షార్ట్ చూపిస్తే అది తప్పే.

సమస్య: బటన్ నొక్కగానే సెట్ ఆరిపోతోంది

ఇది యాంటెన్నా తప్పు కాదు, కరెంటు తీగది. 25 వాట్లలో మాట్లాడితే సెట్ 5, 6 ఆంపియర్లు లాగుతుంది. బటన్ నొక్కి ఉంచి, సెట్ దగ్గరే వోల్టేజి కొలవండి. బాగా పడిపోతుంటే టెర్మినళ్లు శుభ్రం చేసి లావు తీగ వేయండి.

సమస్య: రాత్రిళ్లు మాత్రమే రిసెప్షన్ పోతోంది

ఎల్‌ఈడీ లైట్లను అనుమానించండి. అవి రేడియోకు అడ్డుపడవచ్చని 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ కూడా హెచ్చరిక ఇచ్చింది. ఖాళీగా ఉన్న ఛానల్‌లో లైట్లు ఆపి, గరగర ఆగేంత వరకే స్క్వెల్చ్ (గరగరను అణిచే నాబ్) తిప్పండి. లైట్లు వేయగానే గరగర మళ్లీ వస్తే కారణం అవే. లైటు మార్చండి, లేదా యాంటెన్నాను దూరం జరపండి.

పనయ్యాక పరీక్షించేటప్పుడు యాంటెన్నా తగిలించకుండా బటన్ నొక్కవద్దు, సెట్ కాలిపోవచ్చు. ముందు 1 వాట్‌లో, ఆ తర్వాత 25లో, పక్క బోటుతో వేరే ఛానల్‌లో మాట్లాడి చూడండి. 16ను మాత్రం ఖాళీగా వదిలేయండి.