ఫౌండేషన్ గ్రాంటుకు అప్లై చేసే ముందు జాగ్రత్తలు

అమెరికాలో మీ వీధివాళ్లంతా కలిసి పార్కు బాగుకోసమో, పిల్లల లైబ్రరీ కోసమో గ్రాంటు అడుగుతున్నారా?

- మీ గ్రూపుకు 501(సి)(3) హోదా (పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ గుర్తింపు) లేకపోతే, అది ఉన్న సంస్థను ఫిస్కల్ స్పాన్సర్‌గా, అంటే మీ తరఫున గ్రాంటు డబ్బు తీసుకుని లెక్కలు చూసే సంస్థగా, ముందే కుదుర్చుకోండి. వాళ్లు ఎంత శాతం పట్టుకుంటారు, బిల్లులు ఎన్నాళ్లకు చెల్లిస్తారు, అన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాట వద్దు.

- మీరు గ్రాంటు అడిగేది ప్రైవేట్ ఫౌండేషన్‌నైతే, అది ఏటా పన్ను శాఖకు ఇచ్చే 990-పీఎఫ్ ఫారం చూడండి. ఎవరికి ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది.

- జాతి సమానత్వం లక్ష్యమైతే, "ఫలానా జాతివారికి మాత్రమే" అని రాసేముందు లాయర్‌ని అడగండి. నల్లజాతి మహిళల వ్యాపారాలకే పరిమితమైన ఫియర్‌లెస్ ఫండ్ అనే పెట్టుబడి సంస్థ గ్రాంటు పోటీని 2024లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆపించింది. ఆధారం, ఒప్పందాల్లో జాతి వివక్షను నిషేధించే 1866 పౌరహక్కుల చట్టం. అది వచ్చిందే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవారి కోసం!

- మీటింగ్ మినిట్స్, సంతకాలు భద్రంగా ఉంచుకోండి. నిర్ణయాలు స్థానికులవేనని చూపించాల్సింది మీరే.